ఫ్రిజ్ కొనాలంటే ఓడ రావాల్సిందే.. అండమాన్‌లో రేటు కంటే ముందు ఇది చూడాలి!

హైదరాబాద్‌లో ఫ్రిజ్ పాడైతే సాయంత్రానికి మెకానిక్ వస్తాడు. కుదరదంటే మర్నాటికి కొత్తది ఇంటికొచ్చేస్తుంది. అదే అండమాన్‌లో అయితే? కావాల్సిన పార్ట్ చెన్నై నుంచో, కోల్‌కతా నుంచో, విశాఖ నుంచో సముద్రం దాటి రావాలి. దూరం దాదాపు 1,200 కిలోమీటర్లు. ఓడ ప్రయాణమే రెండున్నర, మూడు రోజులు. అది కూడా ఓడ బయల్దేరాకే, వాతావరణం బాగుంటేనే.

అండమాన్ నికోబార్ దీవుల్లో తెలుగువాళ్లు తక్కువేం లేరు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 13 శాతానికి పైనే. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు ఎన్నో. ఇప్పుడు ఉద్యోగాల మీద బదిలీపై వెళ్లేవాళ్లూ ఉన్నారు. సామాను సర్దుకునేటప్పుడు అందరికీ ఒకటే డౌట్.. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, ఏసీ ఇక్కడే కొని తీసుకెళ్లాలా? అక్కడికెళ్లి కొనుక్కోవాలా?

ఇక్కడ తక్కువకే వస్తుంది కదా అని తొందరపడితే దెబ్బతినేది ఇక్కడే. ముందు రవాణా లెక్క చూద్దాం. విమాన కార్గోలో బరువు ఒక్కటే చూడరు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి సాధారణంగా 6000తో భాగిస్తారు. 60 x 70 x 150 సెంటీమీటర్ల ఫ్రిజ్ పెట్టె తీసుకుంటే 105 కిలోలు అవుతుంది. అసలు బరువు అందులో సగమే ఉన్నా చార్జీ మాత్రం 105 కిలోలకే. పైగా ఇప్పటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా వాడే ఆర్600ఏ గ్యాస్‌కు మండే గుణం ఉంది కాబట్టి విమానంలో ఎక్కించడానికి నిబంధనలుంటాయి. చివరికి ఓడే దిక్కు.

ఓడ దిగాక కూడా కథ అయిపోదు. పోర్ట్ బ్లెయిర్ పేరును కేంద్రం 2024 సెప్టెంబర్‌లో శ్రీ విజయపురంగా మార్చింది. ఇల్లు ఆ ఊళ్లోనే ఉంటే అదృష్టం. ఉత్తరాన రంగత్, మాయాబందర్, డిగ్లీపూర్ వైపు రోడ్డు మీద వెళ్లాలంటే జరావా తెగ ఉండే అడవి గుండా, నిర్ణీత వేళల్లో కాన్వాయ్‌గానే వెళ్లనిస్తారు. మధ్యలో మిడిల్ స్ట్రెయిట్ దగ్గర వాహనాన్ని ఫెర్రీ మీద దాటించాలి. ఇక గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బే అంటే సముద్రం మీద మరో 500 కిలోమీటర్లకు పైనే. ఎక్కించడం, దించడం ఎన్నిసార్లు జరిగితే సొట్టలు పడే చాన్స్ అంత ఎక్కువ.

ఫ్రిజ్‌ను నిలబెట్టే తీసుకురావాలని హమాలీలకు గట్టిగా చెప్పాలి. పడుకోబెడితే కంప్రెసర్‌లోని ఆయిల్ గొట్టాల్లోకి పోతుంది. అలా వచ్చిన ఫ్రిజ్‌ను కొన్ని గంటలు నిలబెట్టి ఉంచాకే స్విచ్ వేయాలి. ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్‌కైతే వెనక ట్రాన్సిట్ బోల్టులుంటాయి. ప్రయాణంలో అవి ఉండాల్సిందే, వాడే ముందు తీసేయాల్సిందే. మర్చిపోయి ఆన్ చేస్తే మెషీన్ ఎగిరెగిరి పడుతుంది.

డెలివరీ ఉంది.. మరి సర్వీస్?

చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ 2020 ఆగస్టులో ప్రారంభమయ్యాక దీవుల్లో ఇంటర్నెట్ మెరుగుపడింది. ఆన్‌లైన్‌లో కొనడం ఈజీ అయింది. అయితే 744తో మొదలయ్యే పిన్‌కోడ్ కొట్టగానే డెలివరీ ఉందని చూపిస్తే సంబరపడిపోవద్దు. డెలివరీ వేరు, ఇన్‌స్టలేషన్ వేరు, వారంటీ సర్వీస్ వేరు. మీ దీవికి టెక్నీషియన్ వస్తాడా, లేక మెషీన్‌నే శ్రీ విజయపురం తీసుకురమ్మంటారా అన్నది డబ్బు కట్టకముందే కంపెనీ కస్టమర్ కేర్‌ను అడగాలి. జవాబు మెయిల్‌లో తీసుకుంటే ఇంకా మంచిది.

అందుకే ఫ్రిజ్, ఏసీ లాంటివాటికి కొంచెం రేటు ఎక్కువైనా అక్కడి షాపులోనే కొనడం నయం. లోకల్ మెకానిక్ రోజూ విప్పే మోడల్ ఏదో కనుక్కుని అదే తీసుకోవాలి. మెయిన్‌ల్యాండ్‌లో (అక్కడివాళ్లు మన వైపును ఇలాగే అంటారు) కొత్తగా వచ్చిన మోడల్‌కు ఫీచర్లు ఎన్నున్నా, దాని సర్క్యూట్ బోర్డు కాలిపోతే కొత్తది ఓడలో వచ్చేదాకా ఆ ఫ్రిజ్ బట్టల బీరువాకే పనికొస్తుంది. ఇంట్లో ఇన్సులిన్ వాడేవాళ్లుంటే ఇది నవ్వుకునే విషయం కాదు. మిక్సీ, ఇస్త్రీపెట్టె లాంటి చిన్నవి మాత్రం వెంట తెచ్చుకోవచ్చు.

ఉప్పుగాలి, నీళ్లు, కరెంటు

ఏసీకి పెద్ద శత్రువు ఉప్పుగాలి. ఔట్‌డోర్ యూనిట్‌లో కాపర్ కాయిల్, దానిపై తుప్పు పట్టకుండా కోటింగ్ ఉన్నదే చూడాలి. కాపర్ అయితే లీకైనా అతికించవచ్చు, అల్యూమినియం అయితే కష్టం. యూనిట్‌ను సముద్రానికి ఎదురుగా బిగించకుండా, అప్పుడప్పుడు మంచినీళ్లతో కడిగిస్తే ఎక్కువ కాలం వస్తుంది.

మన గ్రిడ్ కరెంటు అక్కడికి వెళ్లదు. ఏ దీవి కరెంటు ఆ దీవిదే. సోలార్ పెరుగుతున్నా ఎక్కువగా డీజిల్ జనరేటర్లే ఆధారం. వోల్టేజీ ఎక్కువ తక్కువైతే ముందు పోయేది ఆ బోర్డే కాబట్టి స్టెబిలైజర్ ఖర్చు దగ్గర పీనాసితనం వద్దు.

వాషింగ్ మెషీన్ విషయంలో నీళ్ల సంగతి చూసుకోవాలి. వర్షాలు దంచికొట్టే దీవులే అయినా జనవరి నుంచి ఏప్రిల్ దాకా శ్రీ విజయపురంలో నీళ్లకు కటకటే. ఆటోమేటిక్ మెషీన్‌కు కుళాయిలో ప్రెషర్ కావాలి. ఓవర్‌హెడ్ ట్యాంక్ లేని ఇంటికి, బకెట్‌తో నీళ్లు పోసుకునే సెమీ ఆటోమేటిక్కే బెటర్. ఓల్డ్ మోడల్ అని తీసిపారేయొద్దు.

వస్తువు చేతికొచ్చాక పెట్టె విప్పేది వీడియో తీయాలి. డ్యామేజ్ ఉంటే రసీదు మీద అక్కడికక్కడే రాయించాలి. వారంటీ ఉన్నంతకాలం అట్టపెట్టె, థర్మాకోల్ పారేయొద్దు, మళ్లీ పడవ ఎక్కించాల్సి రావచ్చు. 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం ఆన్‌లైన్ సంస్థ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. కాదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కాల్ చేయొచ్చు. కేసు వేయడానికి చెన్నై దాకా పోనక్కర్లేదు.. కొనుగోలుదారు ఉండే చోటే ఫిర్యాదు చేసుకునే వీలును 2019 చట్టం కల్పించింది.