ఫైలులో కాగితాలు చింపవద్దు

మొన్న శామీర్‌పేట వైపు నుండి ఒక తల్లి తన కొడుకును తీసుకొని వచ్చింది. ఫైలు తెరిస్తే మధ్యలో రెండు కాగితాలు లేవు. "సంబంధాలు చూస్తున్నం సిస్టరమ్మా, ఎవరన్న చూస్తరని చింపిన" అన్నది. అబ్బాయికి మూర్ఛ. మందు పేరు, మోతాదు ఆ కాగితాలలోనే ఉన్నాయి. ఆ మందు ఒక్కసారిగా ఆగితే ఫిట్స్ మళ్ళీ రావచ్చు. చివరకు ఇంటి నుండి ఖాళీ మందు అట్ట తెప్పించి పేరు తెలుసుకున్నాము.

ఆ తల్లి భయాన్ని మేము తప్పు పట్టము. ఇప్పుడు వివరాలు కంప్యూటరులోకి కూడా వెళ్తున్నందున ఈ భయం ఇంకా పెరిగింది. 2022 మార్చిలో ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో ఇంటింటికి వెళ్ళి హెల్త్ ప్రొఫైల్ నమోదు మొదలుపెట్టారు. కేంద్ర ప్రభుత్వ డిజిటల్ మిషన్ 2021 సెప్టెంబరు 27న ప్రారంభమైంది. దాని కింద ఇచ్చే 14 అంకెల నంబరే ఆభా. "ఆభా తీసుకుంటే మా జబ్బు అందరికీ తెలుస్తుందా?" అని ఓ.పి.లో అడుగుతున్నారు.

ఆభా తీసుకోవడం మీ ఇష్టం. మీ రికార్డులు వైద్యం చేసిన ఆసుపత్రిలోనే ఉంటాయి. ఆభా ద్వారా వేరే ఆసుపత్రి వాటిని చూడాలంటే మీ అనుమతి కావాలి. ఇచ్చిన అనుమతిని తిరిగి తీసుకోవచ్చు కూడా. అయినా కంప్యూటరుకూ ప్రమాదాలున్నాయి. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్‌పై సైబర్ దాడి జరిగినప్పుడు అక్కడ రోజుల తరబడి చేతిరాతతో పని నడిపారు. కనుక కాగితం ఫైలును భద్రపరచండి.

దయచేసి ఇవి గమనించండి:

1. ఫోనుకు వచ్చిన ఓ.టి.పి.ని దేనికోసమో తెలియకుండా ఎవరికీ చెప్పవద్దు.

2. రిపోర్టుల ఫోటోలను వాట్సాప్ గ్రూపులలో పెట్టవద్దు.

3. ప్రార్థన మనవి ఇచ్చేటప్పుడు రోగిని అడగకుండా జబ్బు పేరు చెప్పవద్దు. పేరు చెబితే చాలు, సంఘం ప్రార్థిస్తుంది.

4. హెచ్.ఐ.వి. ఉన్నవారి వివరాలను గోప్యంగా ఉంచాలని 2017 నాటి చట్టం చెబుతోంది.

5. ఆసుపత్రిలో చేరి వైద్యం పొందినవారు తమ రికార్డు అడిగితే 72 గంటలలో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధన. మొహమాటపడకుండా అడగండి.

మా వైపు కూడా పొరపాట్లు జరుగుతాయి. వరండాలో పేరుతో పాటు జబ్బును కూడా బిగ్గరగా పిలిచిన సందర్భాలున్నాయి. అలా ఎవరైనా పిలిస్తే నాకు చెప్పండి. నలుగురిలో చెప్పలేని విషయం ఉంటే "సిస్టర్, పక్కకు రండి" అనండి, చాలు. ఫైలు మాత్రం పూర్తిగా తీసుకురండి.

– నర్సింగ్ సూపరింటెండెంట్