అనువాద పుస్తకాన్ని ఎంచుకోవడం ఎలా? రేటింగులు చెప్పని సంగతులు

పురస్కారం ప్రకటించిన మర్నాడే ఆ పుస్తకాన్ని ‘తర్వాత చదవాల్సినవి’ జాబితాలో చేర్చుకోవడం భారతీయ పాఠకులకు అలవాటుగా మారింది. అలా జాబితాకెక్కుతున్న వాటిలో అనువాదాలు తక్కువేమీ కాదు. గీతాంజలి శ్రీ హిందీ నవల ‘రేత్ సమాధి’ ఆంగ్లానువాదానికి 2022లో, బాను ముష్తాక్ కన్నడ కథల ఆంగ్లానువాదం ‘హార్ట్ ల్యాంప్’కు 2025లో అంతర్జాతీయ బుకర్ బహుమతి లభించింది. జేసీబీ సాహిత్య పురస్కారం సైతం 2018 నుంచి 2024 వరకు ఏడు పర్యాయాల్లో ఐదుసార్లు అనువాదాలకే దక్కింది.

అయితే ఈ సిఫార్సులు ఏ ప్రతికి సంబంధించినవన్నది ముందుగా గమనించాలి. అంతర్జాతీయ బుకర్‌ను ఇచ్చేది బ్రిటన్ లేదా ఐర్లండ్‌లో ప్రచురితమైన ఆంగ్లానువాదానికి. 50,000 పౌండ్ల నగదును రచయిత, అనువాదకులు సమానంగా పంచుకుంటారు. అంటే ఆ తీర్పులో సగం ఆంగ్ల వాక్యానిదే. అదే రచన తెలుగు ప్రతిని చదివేవారికి ఆ సగం వర్తించదు. గుడ్‌రీడ్స్ రేటింగుతోనూ ఇదే చిక్కు. ఒక రచన మూలానికీ, వివిధ భాషల్లోని అనువాదాలకూ పాఠకులు ఇచ్చిన నక్షత్రాలన్నీ అక్కడ కలగలిసి ఒకే సగటుగా కనిపిస్తాయి. నాలుగు నక్షత్రాలను చూసి తెలుగు అనువాదం బాగుందని నిర్ణయించుకోవడానికి ఆధారం లేదు.

సమీక్షల విషయం ఇంకొంచెం సూక్ష్మమైనది. సమీక్షకుడికీ పుస్తకానికీ మధ్య ఉన్న దూరం సమీక్షలో ప్రతిఫలిస్తుంది. ‘హార్ట్ ల్యాంప్’ అనువాదకురాలు దీపా భస్తి కన్నడ, ఉర్దూ, అరబ్బీ మాటలను వాలు అక్షరాల్లో వేరుచేసి చూపలేదు, అధోజ్ఞాపికలూ ఇవ్వలేదు. లండన్ పాఠకుడు వాటి దగ్గర ఆగి ఆలోచించాలి. హైదరాబాద్ పాఠకుడికో, కర్నూలు పాఠకుడికో వాటిలో చాలా మాటలు ఇంటి పక్కన వినిపించేవే. బంధుత్వ పదాలూ అంతే. కన్నడంలో ‘అత్తె’ అంటే మేనత్త, జీవిత భాగస్వామి తల్లి కూడా. తెలుగు ‘అత్త’కు సరిగ్గా అదే వ్యాప్తి ఉంది. ఆంగ్లానికి రెండు మాటలు కావాలి. కాబట్టి ఆంగ్ల సమీక్ష ‘క్లిష్టం’ అన్న రచన మనకు సుబోధం కావచ్చు. అది కొత్తదనంగా మెచ్చుకున్నది మనకు మామూలు విషయమూ కావచ్చు.

అనువాదకుల పేరైనా ప్రస్తావించకుండా కథాంశం చెప్పి ముగించే సమీక్షలు తెలుగులో తరచుగా కనిపిస్తాయి. మూలంతో పోల్చి చూశారా, సంభాషణలు ఏ మాండలికంలో సాగాయి, అనువాదం మూలభాష నుంచి నేరుగా జరిగిందా లేక ఆంగ్లం మీదుగానా అన్న ప్రశ్నల్లో ఒక్కదానికైనా జవాబిచ్చే సమీక్షను నమ్మవచ్చు. పొరుగు భాషలోని కథ లండన్ చుట్టి తెలుగుకు చేరితే, దారిలో ఆ ‘అత్త’ ఏ వరుసో తేల్చుకోలేక అనువాదకులు ఊహించి రాయాల్సి వస్తుంది. ఇలాంటివి పేరుకుపోయాక, తప్పు మూల రచయితదేనని పాఠకుడు అనుకుని ఆ పుస్తకాన్ని పక్కన పెట్టేస్తాడు.

ముందుతరాల పాఠకులకు ఈ విషయంలో ఒక సౌలభ్యం ఉండేది. శరత్‌చంద్ర నవలలను వారు చక్రపాణి బెంగాలీ నుంచి నేరుగా చేసిన అనువాదాల్లో చదివారు. అనువాదకుడి పేరే వారికి సిఫార్సు. నేడు అలాంటి ఆనవాలు కావాలంటే కేంద్ర సాహిత్య అకాదెమీ అనువాద బహుమతుల జాబితా ఉంది. 1989లో ప్రారంభమైన ఈ బహుమతిని 24 భాషల్లో ఇస్తున్నారు. తెలుగు ప్రతిని తెలుగు ప్రతిగానే తూచే జాతీయ పురస్కారం ఇది. నగదు 50,000 రూపాయలు. అంకె బుకర్‌దే, కరెన్సీయే వేరు! ప్రచారంలో తేడా అంతకన్నా పెద్దది.

జాబితాలో లేని పుస్తకమైతే దుకాణంలోనో, గ్రంథాలయంలోనో మొదటి సంభాషణ వచ్చేవరకు రెండు మూడు పేజీలు చదివి చూడటం మేలు. కథనం కంటే సంభాషణలోనే అనువాదం త్వరగా బయటపడుతుంది. హక్కుల వివరాలుండే లోపలి పేజీలో మూలభాష ఏదో, ఏ ప్రతి నుంచి అనువదించారో సాధారణంగా ముద్రిస్తారు. అక్కడ లేకపోతే అనువాదకుల ముందుమాటలో వెతకవచ్చు.