పసిబిడ్డ కాలేయంలో గడ్డ కనిపిస్తే

కడుపునొప్పి అని బిడ్డకు స్కానింగ్ తీయిస్తారు. నొప్పికి కారణం దొరకదు గానీ, కాలేయంలో చిన్న గడ్డ ఉందని రిపోర్టులో ఒక ముక్క రాసి ఉంటుంది. అది పట్టుకుని తిరుపతిలో రుయాకో స్విమ్స్‌కో, చిత్తూరు వైపు వాళ్లయితే వేలూరు సీఎంసీకో పరుగు తీస్తారు. వెళ్లాల్సిందే. అయితే ఆ గడ్డ ఏమిటన్న ప్రశ్నకు సగం జవాబు బిడ్డ వయసులోనే ఉంది.

ఏడాదిలోపు పిల్లల్లో ఎక్కువగా కనిపించేది హిమాంజియోమా, అంటే రక్తనాళాల గడ్డ. ఒంటిమీద ఇలాంటి ఎర్రని గడ్డలు ఐదు, అంతకు మించి ఉంటే కాలేయాన్నీ స్కాన్ చేయమనేది అందుకే. చాలావరకు వాటంతటవే కుంచించుకుపోతాయి. కాలేయమంతా పరుచుకుంటే మాత్రం గుండెకు భారమవుతుంది, థైరాయిడ్ హార్మోన్ పడిపోతుంది. అలాంటప్పుడు ప్రొప్రనలాల్ ఇస్తారు. ఈ బీపీ మందు పసిపిల్లల హిమాంజియోమాలను తగ్గిస్తుందని 2008లో ఫ్రాన్స్‌లోని బోర్డో వైద్యులు చాటిచెప్పారు.

మూడేళ్లలోపు పిల్లల్లో లేదని తేల్చుకుని తీరాల్సింది హెపటోబ్లాస్టోమా. అరుదైన క్యాన్సరే, కానీ ఆలస్యం పనికిరాదు. దీని జాడ తీసేది ఏఎఫ్‌పీ అనే ప్రొటీన్‌ను కొలిచే రక్తపరీక్ష. తల్లిదండ్రులు ఎక్కువగా బెదిరిపోయేది ఈ పరీక్ష కాగితం చూసే. అప్పుడే పుట్టిన బిడ్డ రక్తంలో ఏఎఫ్‌పీ సహజంగానే పదివేలల్లో ఉంటుంది. పెద్దవాళ్ల స్థాయికి దిగడానికి ఎనిమిది నెలల నుంచి ఏడాది పడుతుంది. ల్యాబ్ కాగితంలో పక్కన అచ్చయ్యేది తరచుగా పెద్దవాళ్ల లెక్క. రెండు నెలల బిడ్డ అంకెను దానితో పోలిస్తే ఏ తల్లికైనా గుండె జారిపోతుంది. ఆ వయసు పిల్లల పట్టికతోనే చూడాలి. మళ్లీ చేసినప్పుడు దిగుతోందా, ఎక్కుతోందా గమనించాలి. ఏఎఫ్‌పీ తక్కువగా ఉందని క్యాన్సర్ కాదని తేల్చేయడమూ తప్పే.

క్యాన్సర్ చికిత్స ముగిసిన కొన్నేళ్లకు కాలేయంలో గడ్డ కనిపిస్తే జబ్బు తిరగబెట్టిందని కుప్పకూలుతారు. చాలాసార్లు అది ఎఫ్‌ఎన్‌హెచ్ అనే నిరపాయకరమైన గడ్డ. కాలేయ కణాలు పీల్చుకునే ప్రత్యేక మందు ఎక్కించి ఎంఆర్ఐ తీస్తే, తరచుగా బయాప్సీ లేకుండానే తెలిసిపోతుంది.

గొర్రెల మందలు, వాటి వెంట కుక్కలు తిరిగే మన పల్లెల్లో కాలేయంలో నీటితిత్తి కనిపిస్తే, కుక్కల నుంచి సోకే హైడాటిడ్ పురుగు తిత్తి అన్న అనుమానం రావాలి. అది తేలకుండా సూది గుచ్చితే లోపలి నీరు చిమ్మి, ప్రాణాంతకమైన అలర్జీ రావచ్చు.

పొట్ట ఉబ్బుతున్నా, కామెర్లు వచ్చినా, బరువు తగ్గుతున్నా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. ఇవేవీ లేవు, గమనిస్తూ ఉందామని డాక్టరంటే, మళ్లీ స్కానింగ్ ఏ తారీఖుకో అడిగి రాయించుకోండి. అల్ట్రాసౌండ్‌లో రేడియేషన్ ఉండదు కాబట్టి ఎన్నిసార్లయినా తీయించవచ్చు. వెళ్లిన ప్రతిసారీ పాత ఫిల్ములు, సీడీలు అన్నీ వెంట తీసుకెళ్లండి.