తొలి నాటకానికే తప్పని సభాకంపం

నాట్యశాస్త్రం చెప్పే కథ ప్రకారం లోకంలో మొట్టమొదటి నాటక ప్రదర్శన మధ్యలోనే ఆగిపోయింది. ఇంద్రధ్వజ ఉత్సవంలో భరతముని కొడుకులు, దేవతలు అసురులను ఓడించిన కథ ఆడుతున్నారు. అది చూసి ఒళ్లు మండిన అసురులు విఘ్నులనే దుష్టశక్తులను వెంటబెట్టుకుని మాయ పన్నారు. ఏం చేశారో తెలుసా? నటుల మాట, కదలిక, జ్ఞాపకం, ఈ మూడింటినీ స్తంభింపజేశారు. బడి వార్షికోత్సవంలో మైకు ముందుకు రాగానే, అంతవరకు కంఠతా వచ్చిన పద్యం కాస్తా మాయమైన ప్రతి పిల్లకూ పిల్లవాడికీ ఆ మూడూ అనుభవమే. సుమారు రెండు వేల ఏళ్ల నాటిదని పండితులు చెప్పే గ్రంథం సభాకంపాన్ని అంత సూటిగా పట్టుకుంది. నాకు మరీ నచ్చింది ఆ తర్వాతి భాగం. తడబడిన నటులను దేవతలు పక్కన పెట్టలేదు. బ్రహ్మ విశ్వకర్మ చేత నాట్యమండపం కట్టించి, ఒక్కో చోట ఒక్కో దేవతను కాపలా ఉంచాడు. అదే మండపంలో వాళ్ల చేతే మళ్లీ ఆడించాడు.

కూచిపూడి నేర్చుకునే పిల్లలు ఎనిమిది సాత్త్విక భావాలను వల్లె వేస్తారు: స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. అంటే కొయ్యబారిపోవడం, చెమట పట్టడం, ఒళ్లు గగుర్పొడవడం, గొంతు మారడం, వణుకు, ముఖం పాలిపోవడం, కన్నీరు, సొమ్మసిల్లడం. ఏళ్ల తరబడి సాధన చేసినా వీటిని అభినయించడం కష్టం. తెర వెనక తన వంతు కోసం ఎదురుచూసే పిల్లకు మాత్రం ఇందులో నాలుగైదు అడగకుండానే వచ్చేస్తాయి! సభాకంపం అనే మాటలోని కంపమూ, ఈ పట్టికలోని వేపథువూ ఒకటే.

ఒంట్లో ఏం జరుగుతుంది?

ఆపద ఎదురైతే పోరాడాలి, లేదా పారిపోవాలి. ఆ రెంటికీ ఒళ్లు ఒకే రకంగా సిద్ధమవుతుందని అమెరికా శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లో వెలువరించిన పుస్తకంలో వివరించాడు. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది. రక్తం కడుపు నుంచి, చర్మం నుంచి పెద్ద కండరాల వైపు మళ్లుతుంది. అందుకే కడుపులో తిప్పుతుంది, వేళ్లు చల్లబడతాయి. తిండి అరిగించే పని అప్పటికి అత్యవసరం కాదు కాబట్టి లాలాజలం తగ్గి నాలుక పిడచగట్టుకుపోతుంది. పాడేవాళ్లకు ఈ చివరిదే పెద్ద శిక్ష. వేదిక మీద పక్కన గ్లాసుడు నీళ్లు ఉంచుకోవడం దర్జా కోసం కాదు.

అరచేతులు, అరికాళ్లలో చెమట ఎండకన్నా మనసులోని అలజడికే ఎక్కువ పడుతుంది. వీణ మీద వేలు జారుతోందంటే సాధన చాలలేదని అర్థం కాదు. జేబురుమాలు దగ్గరుంచుకోవాలని అర్థం.

బొద్దింకలు నేర్పిన పాఠం

1969లో రాబర్ట్ జాయాంక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు బొద్దింకలతో ఒక పరీక్ష చేశారు. వెలుతురు పడగానే బొద్దింక చీకటి మూలకు పరుగెత్తాలి. దారి పక్కన పారదర్శకమైన పెట్టెల్లో మరికొన్ని బొద్దింకలను ప్రేక్షకుల్లా ఉంచారు. దారి తిన్నగా ఉన్నప్పుడు, చూసేవాళ్లుంటే బొద్దింక ఇంకా వేగంగా పరుగెత్తింది. దారి మలుపులతో ఉన్నప్పుడు, చూసేవాళ్లుంటే ఇంకా ఆలస్యం చేసింది. బాగా వచ్చిన పని నలుగురి ముందు మరింత చురుగ్గా సాగుతుందనీ, సరిగా రానిది మరింత చెడుతుందనీ జాయాంక్ వాదన. మన పిల్లలు పోటీకి వారం ముందు నేర్చుకున్న కొత్త కీర్తన పాడి, ఏడాదిగా పాడుతున్న కీర్తనను ఇంట్లో వదిలేసి వస్తారు. ఆ ఎంపిక చాలాసార్లు పెద్దవాళ్లదే.

ఆరేళ్లప్పుడు లేని భయం పదమూడేళ్లకు ఎందుకు?

చిన్నప్పుడు పిలిస్తే చాలు స్టేజీ ఎక్కేసిన పిల్ల ఇప్పుడు ముడుచుకుపోతోందని తల్లిదండ్రులు దిగులుపడతారు. కౌమారంలో పిల్లలు తమ చుట్టూ ఎప్పుడూ ఒక ప్రేక్షక సమూహం ఉన్నట్టు ఊహించుకుంటారని మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ ఎల్కైండ్ 1967లో రాశాడు. ఎదుటివాళ్లు మనసులో ఏమనుకుంటున్నారో ఆలోచించే శక్తి అప్పుడే పదునెక్కుతుంది మరి. కాబట్టి ఆ పిల్ల వెనకబడలేదు, ఎదుగుతోంది. ఈ ఒక్క సంగతి ఇంట్లో వాళ్లకు తెలిస్తే సగం తిట్లు తగ్గుతాయి.

ఆ ఊహ ఎంత అతిగా ఉంటుందో 2000 సంవత్సరంలో అచ్చయిన కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధన చూపించింది. వేసుకోవడానికి సిగ్గుపడే బొమ్మ ఉన్న టీషర్టుతో విద్యార్థులను ఒక గదిలోకి పంపారు. గదిలో దాదాపు సగం మంది అది గమనించి ఉంటారని వాళ్లు అనుకున్నారు. గమనించింది సుమారు పావు వంతు. ఆ పరిశోధకుల్లోనే ఇద్దరు మరో ప్రయోగంలో, ఉపన్యాసం ఇవ్వబోయే కొందరికి ఒక మాట ముందే చెప్పారు: మీ లోపలి కంగారు మీరనుకున్నంతగా బయటికి కనిపించదు. అది విన్నవాళ్లు విననివాళ్లకన్నా బాగా మాట్లాడారు. మూడో వరుసలో కూర్చున్న వాళ్లకు మీ గుండె చప్పుడు వినిపించదు.

"భయపడకు, ప్రశాంతంగా ఉండు" అనడం మనకు అలవాటు. దడదడలాడే గుండెను ఉన్నట్టుండి నెమ్మదించమంటే అది వినదు. హార్వర్డ్‌లో అలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, పాడబోయే ముందు "హుషారుగా ఉంది" అని పైకి అనుకున్నవాళ్లకు "భయంగా ఉంది" అనుకున్నవాళ్లకన్నా ఎక్కువ మార్కులు పడ్డాయి. మార్కులు వేసింది కచ్చితత్వాన్ని కొలిచే యంత్రం, మొహమాటపడే మనిషి కాదు. ఉపన్యాసంలోనూ "ప్రశాంతంగా ఉన్నాను" అన్నవాళ్లకన్నా "హుషారుగా ఉంది" అన్నవాళ్లే రాణించారు. దసరా ముందు రోజు గుండె కొట్టుకున్నట్టే ఇదీ అని పిల్లలకు చెప్పి చూడండి.

ఊపిరి వదిలేటప్పుడు గుండె కాస్త నెమ్మదిస్తుంది, పీల్చేటప్పుడు వేగం అందుకుంటుంది. అందుకే పీల్చినదానికన్నా నిదానంగా వదలాలి. ఐదారు సార్లు చాలు.

గాంధీ, కసాల్స్, ఒలీవియర్

లండన్ శాకాహార సంఘంలో గాంధీ తాను రాసుకెళ్లిన కాగితాన్ని కూడా చదవలేక వేరేవాళ్లకు ఇచ్చేశారు. బారిస్టరై తిరిగొచ్చాక బొంబాయి స్మాల్ కాజెస్ కోర్టులో తొలి కేసుకు లేచి నిలబడ్డారు. కళ్లు తిరిగాయి. ఒక్క ప్రశ్న కూడా అడగలేక కూర్చుండిపోయారు. ఇదంతా ఆత్మకథలో ఆయనే దాచకుండా రాసుకున్నారు.

ప్రఖ్యాత నటుడు లారెన్స్ ఒలీవియర్‌కు ఈ భయం పట్టింది 1960లలో, అప్పటికే పేరు ప్రఖ్యాతులన్నీ వచ్చాక. ఒథెల్లోగా వేదిక మీద ఒంటరిగా మాట్లాడాల్సిన ఘట్టంలో, ఇయాగో పాత్రధారిని తనకు కనిపించేలా పక్కనే నిలబడమని బతిమాలుకున్నాడు. తోడు కావాలనుకోవడం పిరికితనమేమీ కాదు. మన కళలను చూడండి, బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలు. ఊపిరి తీసుకునే సమయం వాళ్లే ఇస్తారు. కర్ణాటక కీర్తనలోనూ అనుపల్లవి, చరణం తిరిగి పల్లవికే చేరతాయి. తడబడిన గొంతుకు అది ఇంటి గుమ్మం లాంటిది. అయితే సాధనలో ఎప్పుడూ పల్లవి నుంచే మొదలుపెడితే చరణంలో తెగిన దారం దొరకదు. చరణం మధ్య నుంచి ఎత్తుకోవడం కూడా రోజూ అలవాటు చేసుకోవాలి. మేడమెట్లు గబగబా ఎక్కి, గుండె కొట్టుకుంటుండగానే ఒకసారి పాడి చూసుకుంటే వేదిక మీద ఆ దడ కొత్తగా అనిపించదు.

1885లో కీచకవధ నాటకంతో మొదలైన సురభి కుటుంబాల్లో పిల్లలు పసితనం నుంచే వేదిక మీద పెరిగారు. రంగస్థలమే ఇల్లయిన పిల్లలు వాళ్లు. మిగతావాళ్లం వీధి అరుగు మీద, వంటింట్లో అమ్మమ్మ ముందు, అపార్ట్‌మెంట్ వినాయకచవితి పందిట్లో, ఒక్కో మెట్టూ ఎక్కాలి.

గుండె దడ తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలను కొందరు సంగీతకారులు వాడతారు. అలాంటి మాత్ర వాడినందుకు 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఉత్తర కొరియా షూటర్ రెండు పతకాలు పోగొట్టుకున్నాడు. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఇవి ప్రమాదం. డాక్టర్ చెప్పకుండా పిల్లలకు ఎవరూ ఇవ్వకూడదు.

ఇక చెల్లో విద్వాంసుడు పాబ్లో కసాల్స్. 1901లో శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర కొండ దిగుతుంటే ఒక బండరాయి దొర్లి ఆయన ఎడమచేతి మీద పడింది. నలిగిన వేళ్లను చూసి, ఇక జన్మలో చెల్లో వాయించక్కర్లేదని మొదట ఊరటపడ్డానని ఆయనే చెప్పుకున్నాడు. చెయ్యి బాగయింది. భయం జీవితాంతం ఉంది. అదే మనిషి 1971లో, 94 ఏళ్ల వయసులో ఐక్యరాజ్యసమితి వేదిక మీద చెల్లో వాయించాడు.

అమ్మలూ నాన్నలూ, గురువులూ, మీకో విన్నపం. పిల్ల వేదిక దిగి మీ దగ్గరకు వచ్చినప్పుడు రెండో చరణంలో తప్పిన సంగతి ఆ క్షణాన ఎత్తకండి. ముందు మంచినీళ్లు ఇవ్వండి. తప్పు గురించి రేపు పొద్దున సాధనలో మాట్లాడుకోవచ్చు.