రాస్ అల్-గూల్: గ్రహణం పట్టే నక్షత్రం

డిసెంబర్ నెలలో ఇషా నమాజు ముగించుకుని మేడ ఎక్కండి. రాత్రి తొమ్మిది, పది గంటల వేళ ఉత్తరం వైపు తిరిగి నిలబడితే, నడినెత్తికి కొంత దిగువన ఒక నక్షత్రం కనబడుతుంది. సుమారు మూడు రోజులకోసారి అది కొన్ని గంటలపాటు మసకబారి, మళ్ళీ మామూలవుతుంది. చూడటానికి దుర్భిణీ అక్కర్లేదు. ఇంగ్లీషువారు దాన్ని 'ఆల్గాల్' అంటారు. మదరసా పిల్లవాడెవడైనా ఇట్టే పోల్చుకోగల అరబీ మాట అది: రాస్ అల్-గూల్, అంటే దయ్యం తల.

ఈ పేరు విషయంలో నేనూ పొరబడ్డాను. "కాంతి మారడం ప్రాచీన అరబ్బులు కనిపెట్టారు, అందుకే దయ్యం అన్నారు" అని ఏళ్ళ తరబడి పాఠం చెప్పాను. ఒకసారి ఒక కుర్రవాడు, "ఏ కితాబులో ఉంది హజ్రత్?" అన్నాడు. వెతికాను, దొరకలేదు. ఇస్ఫహాన్‌లో పనిచేసిన అబ్దుర్రహ్మాన్ అల్-సూఫీ 964 ప్రాంతంలో నక్షత్రరాశుల గ్రంథం రాశారు. ఒక్కో చుక్క కాంతిని కంటితోనే అంచనా కట్టారు. ఆండ్రోమెడా రాశిలోని చిన్న మబ్బుతునకనూ నమోదు చేశారు. అది మరో నక్షత్ర మండలమని 20వ శతాబ్దంలో తేలింది. అంతటి చూపున్న ఆయన కూడా ఈ చుక్క కాంతి మారుతుందని రాయలేదు. పేరు వచ్చింది గ్రీకుల నుంచి. టాలమీ గ్రంథంలో ఒక వీరుడి చేతిలో గోర్గాన్ అనే రాక్షసి తల ఉంటుంది. అరబ్బులు దాన్ని తమకు తెలిసిన గూల్‌గా మార్చుకున్నారు. మర్నాడు తరగతిలో నా మాట దిద్దుకున్నాను. సూఫీగారి ఘనతకు నా కల్పన అవసరమా?

మార్పును 17వ శతాబ్దంలో ఇటలీకి చెందిన మోంటనారీ గమనించాడు. దాని లెక్క తేల్చినవాడు ఇంగ్లండులోని యార్క్ నగరవాసి జాన్ గుడ్రిక్. చిన్నతనంలోనే వినికిడి పోయినవాడు. 1782 నవంబరులో గమనించడం మొదలుపెట్టి, 1783లో రాయల్ సొసైటీకి తెలిపేనాటికి అతని వయసు పద్దెనిమిదేళ్ళు. ఏదో చీకటి గోళం అడ్డుపడుతూ ఉండవచ్చునన్నాడు. 21 ఏళ్ళకే మరణించాడు. 1889లో జర్మనీ శాస్త్రవేత్త వోగెల్ వర్ణపట పరిశీలనతో ఆ ఊహను నిరూపించాడు.

ఇది గ్రహణమే. మసక నక్షత్రమొకటి కాంతిగల నక్షత్రానికి అడ్డం వచ్చినప్పుడు మనకు చేరే వెలుగు మూడో వంతుకన్నా తగ్గుతుంది. కుమారుడు ఇబ్రాహీం మరణించిన రోజున సూర్యగ్రహణం పడితే, ఎవరి చావు పుట్టుకల వల్లా గ్రహణాలు రావని దైవప్రవక్త (స) చెప్పిన సంగతి పాఠకులకు తెలిసిందే. ఈ 'దయ్యానికీ' ఆ మాట చక్కగా వర్తిస్తుంది.

ఇక గుర్తుపట్టే తీరు. కృత్తికలు, అంటే మన సురయ్యా, వాటికి వాయవ్యంగా చూడండి. ఉత్తరానికి తిరిగి ఉంటే ఎడమ చేతి వైపు ఇంచుమించు అంతే కాంతితో అల్మాక్, కిందుగా ఇంకాస్త మెరుస్తూ మిర్ఫక్ ఉంటాయి. మామూలు రాత్రి మన చుక్క అల్మాక్‌కు సమానం. స్పష్టంగా వెనకబడిందంటే గ్రహణం నడుస్తున్నట్టే. తగ్గడానికి సుమారు ఐదు గంటలు, తిరిగి పెరగడానికి మరో ఐదు. ఒక గ్రహణానికీ మరో గ్రహణానికీ మధ్య 2 రోజుల 20 గంటల 49 నిమిషాలు. సోమవారం రాత్రి 11 గంటలకు బాగా మసకబారితే, మళ్ళీ గురువారం రాత్రి 7:49కి. మబ్బు పట్టిందా, ఆదివారం సాయంత్రం 4:38 పగటి వెలుగులో పోతుంది. తర్వాతి వంతుకు బుధవారం మధ్యాహ్నమే! ఇలా కొన్నాళ్ళు ఏ గ్రహణమూ రాత్రి మొదటి జాములో చిక్కదు. మా కుర్రవాడు ఆ వేళలన్నీ నోటుపుస్తకంలో వరుసగా వేసుకుని, ఫజర్‌కు ముందు లేచి మరీ ఒకటి పట్టుకున్నాడు.