కుదిపే క్లచ్ – దాచరాని లోపం

మధ్యతరగతి కుటుంబంలో పాత చిన్న కారు విలాస వస్తువు కాదు. వృద్ధులను ఆసుపత్రికి, పిల్లలను బడికి, ఇంటిల్లిపాదినీ ఈద్‌గాహ్‌కు చేర్చే సాధనం అది. కొత్త కారు కొనే స్థోమత లేక, వడ్డీ అప్పు చేయడం ఇష్టం లేక పాత కారుతోనే సర్దుకునేవారు మనలో ఎందరో ఉన్నారు. అటువంటి కార్లలో ఒక లోపం తరచుగా కనిపిస్తుంది. క్లచ్ పెడల్ మీద నుంచి కాలు తీస్తుండగా కారు మెల్లగా కదలదు. వణుకుతుంది, లేదా ఒక్కసారిగా ముందుకు దూకుతుంది.

మా కారుకు ఈ జబ్బు పట్టినప్పుడు మొదట నేను లెక్కచేయలేదు. నా కాలు దానికి అలవాటు పడింది. వెనుక సీటులో కూర్చునే అమ్మీ నడుము మాత్రం అలవాటు పడలేదు. ఒకనాడు నా భార్య బడి గేటు ముందు క్లచ్ వదలగానే కారు ముందుకు ఉరికింది. ఆ క్షణాన ఎదుట పిల్లలెవరూ లేకపోవడం అల్లాహ్ అనుగ్రహమే.

అసలు జరిగేదేమిటి? ఇంజన్‌తో పాటు తిరిగే ఫ్లైవీల్‌కు, ప్రెషర్ ప్లేటుకు నడుమ క్లచ్ ప్లేటు ఉంటుంది. పెడల్ నొక్కితే ఆ పట్టు విడిపోతుంది. పెడల్ వదులుతున్నప్పుడు ప్లేటు క్షణకాలం జారి, ఆ తర్వాత పూర్తిగా పట్టుకోవాలి. ఆ కొద్దిపాటి జారుడే కారును మృదువుగా కదిలిస్తుంది. అది సమంగా జరగకపోతే కుదుపు తప్పదు.

కారణాలను తక్కువ ఖర్చువాటి నుంచి వెతకడం వివేకం. మొదటిది క్లచ్ వైరు. 1983లో రోడ్డెక్కి 2014లో తయారీ ఆగిపోయిన మారుతీ 800 మొదలుకొని ఆనాటి చాలా చిన్న కార్లలో క్లచ్ వైరుతోనే పనిచేస్తుంది. వైరు పోగులు తెగినా, లోపల తుప్పు పట్టినా పెడల్ బరువెక్కి, పట్టుపట్టి కదులుతుంది. పెడల్ పైభాగాన ఉండవలసిన కొద్దిపాటి వదులు కూడా సరిచూడాలి. వదులు బొత్తిగా లేకపోతే ప్లేటు జారి అరిగిపోతుంది. మరీ ఎక్కువైతే గేరు పడేటప్పుడు గరగరమంటుంది.

రెండవది ఇంజన్ మౌంటింగులు. వాటి రబ్బరు పగిలితే క్లచ్ బాగున్నా ఇంజన్ ఊగి కారు కుదుపుతుంది. దీనిని మెకానిక్ చేతనే పరీక్ష చేయించాలి. ఆ సమయంలో కారు ముందు ఎవరూ నిలబడరాదు.

ఈ రెండూ బాగుంటే గేర్‌బాక్సు దించక తప్పదు. ఆయిల్ సీలు కారి ప్లేటుకు నూనె అంటడం, వేడికి ప్లేటు గాజులా నునుపెక్కడం, ప్లేటులోని స్ప్రింగులు విరగడం అప్పుడే బయటపడతాయి. నూనె కారుతున్న సీలును మార్చకుండా ప్లేటు ఒక్కటే మారిస్తే కొద్దినాళ్లకే మళ్లీ అదే కథ. గేర్‌బాక్సు దించే కూలీయే పెద్ద ఖర్చు గనుక క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ ఒకేసారి మార్చడం మేలు. ఫ్లైవీల్ మీద మచ్చలుంటే దానికి చేయవలసిన లేత్ పనిని గురించి అడగండి. తీసిన పాత భాగాలను చూపించమని కోరండి. అది అనుమానం కాదు, లావాదేవీలో స్పష్టత. వర్షాకాలపు ఉదయాలలో మాత్రమే కుదిపి, నాలుగైదు సార్లు కదిలాక సర్దుకుంటే అది చాలావరకు తేమ ప్రభావమే. దానికి తొందరపడి ఖర్చు పెట్టనక్కరలేదు.

నడిపే తీరూ ముఖ్యమే. పెడల్ మీద కాలు ఆనించి ఉంచరాదు. ఎత్తు మీద కారును హాఫ్ క్లచ్‌తో నిలపక హ్యాండ్ బ్రేకు వాడాలి. కొత్త ప్లేటు వేశాక మొదటి కొన్ని వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడపాలి.

మా కారులో నూనె కారుతున్నదని తేలింది. ఖర్చు విని నేను వెనుకాడుతుండగా ఒక బంధువు సలహా ఇచ్చాడు: "భాయ్, ఉన్నదున్నట్టు అమ్మేయండి. కొనేవారికి మీరే నడిపి చూపండి, మీ కాలికి అలవాటే కదా, కుదుపు తెలియదు." నిజమే, తెలియదు. అదే నన్ను భయపెట్టింది.

దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒకసారి ధాన్యపు రాశి పక్కగా వెళుతూ అందులో చేయి పెట్టగా వేళ్లకు తడి తగిలిందన్న సంఘటన మనకు సుపరిచితమే. వానకు తడిసిందని యజమాని చెప్పగా, జనం చూసేలా ఆ తడిసిన ధాన్యాన్ని పైన ఎందుకు ఉంచలేదని ఆయన ప్రశ్నించారు. మోసగించేవాడికి తనతో సంబంధం లేదని హెచ్చరించారు. నేర్పుగల కాలితో కుదుపును కప్పిపుచ్చడం తడి ధాన్యం మీద పొడి ధాన్యం పోయడం కాక మరేమిటి? పైగా ఇక్కడ కొనేవాడు పోగొట్టుకునేది డబ్బు మాత్రమే కాకపోవచ్చు. ఏ బడి గేటు ముందో ఒక పసిప్రాణం కూడా కావచ్చు.

మేము కారు అమ్మలేదు. రెండు నెలల ఖర్చులు తగ్గించుకుని బాగు చేయించాము. ఇప్పుడు అమ్మీ వెనుక సీటులో తస్బీహ్ చేసుకుంటూ కూర్చుంటుంది. రేపు అమ్మవలసి వచ్చినా ఏమి మార్చామో, ఏమి మిగిలి ఉందో కొనేవారికి ముందే చెబుతాము, ఇన్‌షా అల్లాహ్. ధర కొంత తగ్గవచ్చు, కాని శుభం తగ్గదు.

అల్లాహ్ మన లావాదేవీలలో నిజాయితీని, మన ప్రయాణాలలో క్షేమాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.