మీకు తెలుసా? గడ్డి గోడకు బలం పూతే!

అమెరికాలోని నెబ్రాస్కా ఇసుక దిబ్బల్లో కలప దొరక్క, జనం గడ్డి బేళ్లనే ఇటుకల్లా పేర్చి ఇళ్లు కట్టుకున్నారు. ఆర్థర్ అనే ఊళ్లో 1928లో అలా కట్టిన చర్చి ఇప్పటికీ ఉంది. పరకల మధ్య చిక్కిన గాలి కదలదు కనుక వేడి సులువుగా దాటదు. కానీ గడ్డికీ గోడ లోపలివైపు బిగించిన పలకకూ మధ్య సందుంటే అక్కడ గాలి తిరిగి, వేడి జారిపోతుంది. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలలో తేలిన సంగతే ఇది. అందుకే 1998లో రెండువైపులా గడ్డికి అంటుకునేలా పూత పూసిన గోడను పరీక్షించారు. వేడిని అడ్డుకునే శక్తికి అమెరికాలో వాడే కొలత 'ఆర్'లో దానికి 27.5 వచ్చింది. అంతకుముందు కొందరు గొప్పగా చెప్పుకున్న 50 కంటే ఇది చాలా తక్కువే! తేమ చేరితే గడ్డి కుళ్లుతుంది. అందుకే పూత పగిలితే వెంటనే పూడ్చాల్సిందే.